నాయన జూపిటర్, చిన్నాయన సమ్మిక్రాన్, నేను కొన్న నోక్టన్: ఏది ఉంచుకోవాలి?

కడప నుంచి ఒక పాఠకుడు రాశారు. పేరు, వీధి బయటపెట్టవద్దన్నారు కాబట్టి సంగతి మాత్రమే చెప్తాను.

వయసు 44. తండ్రి పెట్టిన ఫోటో స్టూడియోనే నడుపుతున్నారు. తండ్రి వాడిన జోర్కీ-4 కెమెరా, దాని జూపిటర్-8 లెన్స్ ఈయన దగ్గరే ఉన్నాయి. చిన్నాయన చాలా ఏళ్లు కువైట్‌లో పనిచేసి వచ్చిన మనిషి. పోయేముందు తన లైకా ఎం3ని, దానికున్న పాత సమ్మిక్రాన్ 50 ఎఫ్/2 లెన్స్‌ను (50 అంటే మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్; ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే వెలుతురు వచ్చే రంధ్రం, అంటే అపర్చర్, అంత పెద్దది) "మీరిద్దరన్నదమ్ములూ పెట్టుకోండి నాయనా" అని చేతిలో పెట్టారు. కాగితమేమీ రాయలేదు. ఇవి కాక, నిరుడు మన పాఠకుడు వాయిదాల మీద వోయిగ్ట్‌లాండర్ నోక్టన్ 50 ఎఫ్/1.5 కొన్నారు. ఇంట్లో చెప్పలేదు. బ్యాంకు మెసేజీ చూసి భార్యకు తెలిసింది. "చెప్పింటే వద్దంటానా?" అని ఆమె ఒక్క మాట అన్నారట, ఆ తర్వాత దాని ఊసెత్తలేదు, వేరే మాటలూ తగ్గాయి.

అన్న ఇల్లు కడుతున్నారు. స్లాబు దగ్గర డబ్బు ఆగింది. "మూడూ యాభైలే గదరా, ఒగటుంటే చాలదా? ఆ లైకా లెన్స్ అమ్మి చెరిసగం తీసుకుందాం" అంటున్నారు. ఏది ఉంచుకోవాలో తేల్చుకుందామని ఈయన మూడు లెన్సులతో ఫోటోలు తీసి పోల్చారు. సోనీ ఏ7 డిజిటల్ కెమెరా మీద నోక్టన్ అన్నిటికంటే పైన నిలిచింది. సమ్మిక్రాన్ "పొగలో తీసినట్టు" వచ్చింది. ఎం3లో రీలు వేసి తీస్తే దగ్గర నుంచి తీసిన జూపిటర్ ఫోటోలు సగం ఔట్, అంటే ఫోకస్ తప్పాయి. కానీ ఏ7 మీద అదే జూపిటర్‌తో కిటికీ పక్కన తీసిన అమ్మగారి ఫోటో "నాయన తీసిన ఫోటోల్లో అమ్మ ముఖం ఎట్లుంటుందో అట్లే" వచ్చింది. ఆ మాట ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో పెడితే నవ్వారు.

ఆయన అడిగినవి ఇవి: "నాయన లెన్స్ నిజంగా మంచిదేనా, లేక నాయన మీద ప్రేమతో నాకట్ల కనబడుతోందా? మూడింట్లో ఏది ఉంచుకోవాల? అన్నకేం చెప్పాల?"

సమాధానం:

అన్నకు ఏం చెప్పాలన్నది లెన్సుల సంగతి తేలాకే తేలుతుంది. అందుకే అక్కణ్ణుంచి మొదలుపెడదాం. మీరు చూసిన తేడాలన్నీ నిజమే. అయితే వాటిలో సగం లెన్సుల గుణం వల్ల వచ్చినవి కావు. ఒకటి కెమెరాకూ లెన్స్‌కూ లెక్క కుదరక వచ్చింది, ఒకటి బహుశా లోపలి మసక వల్ల వచ్చింది, ఇంకొకటి వెలుతురు వల్ల. వీటిని విడదీయకుండా ఏ లెన్స్ అమ్మినా తర్వాత బాధపడతారు.

ముందు జూపిటర్. ఎం3, జోర్కీ లాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాలో మనం లెన్స్‌లోంచి చూడం. లెన్స్ వెనక అంచు కెమెరా లోపలి చిన్న చక్రాన్ని నెడుతుంది, ఆ కదలికను బట్టి వ్యూఫైండర్‌లో రెండు బొమ్మలు ఒకటవుతాయి. లైకాలో ఆ లెక్క 51.6 మిల్లీమీటర్ల లెన్స్‌కు కట్టింది. జూపిటర్ లాంటి సోవియట్ లెన్సులు జర్మనీ జైస్ వాళ్ల కాంటాక్స్ కెమెరా లెక్కను పట్టుకున్నాయి, అది 52.4. దూరపు దృశ్యంలో ఈ తేడా తెలియదు. కానీ ఒక మీటరు దగ్గర, ఎం3లో బొమ్మలు కలిశాయని మీరు నొక్కేసరికి జూపిటర్ ఫోకస్ దాదాపు 3 సెంటీమీటర్లు వెనక పడుతుంది. ఎఫ్/2 దగ్గర ఆ దూరంలో ఫోకస్ నిలిచే మందం మొత్తం కలిపి నాలుగున్నర సెంటీమీటర్లు, అందులో వెనకవైపు వచ్చేది సగమే. కన్ను మీద పెడితే కణత షార్ప్‌గా వస్తుంది. మీరు పంపిన రీలు స్కాన్‌ను పెద్దది చేసి చూడండి: అమ్మగారి రెప్పలు మెత్తబడ్డాయి, కణత దగ్గరి నెరిసిన వెంట్రుకలు మాత్రం ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తున్నాయి. లెన్స్ బాగానే గీసింది, చోటు తప్పింది.

అదే లెన్స్ దాని జోర్కీ మీద ఈ తప్పు చేయదు, ఆ కెమెరా అదే లెక్కలో తయారైంది. ఏ7 మీదా చేయదు, అక్కడ ఫోకస్ సెన్సర్ మీదే చూస్తాం. లోపలి షిమ్ రింగు (లెన్స్‌ను సరైన దూరంలో నిలిపే పలచటి రింగు) మార్పించి ఎం3కి సరిచేయించుకోవచ్చని ఎవరైనా చెప్తారు. నిజమే, కానీ దగ్గర సరిపోతే దూరం తప్పుతుంది, పైగా జోర్కీ మీద లెక్క చెడుతుంది. మీ విషయంలో ఆ పని వద్దనే నా అభిప్రాయం.

ఇక సమ్మిక్రాన్. ఆ లెన్స్ పొగలో తీసినట్టు తీయదు. గొట్టం లోపలికి ముడుచుకోని రకమని మీరు రాశారు కాబట్టి అది 1956 నుంచి 1968 దాకా వచ్చిన వరస. ఆ రోజుల్లో సన్నటి వివరం పట్టుకోవడంలో దానికి గట్టి పేరు. అది డల్‌గా వస్తోందంటే లోపల ఏదో ఉంది. లెన్స్‌ను కెమెరా నుంచి తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఫోకస్ ఇన్ఫినిటీలో పెట్టండి. చీకటి గదిలో వెనక నుంచి చిన్న ఎల్‌ఈడీ టార్చ్ వేసి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడండి. తిన్నగా చూస్తే ఏమీ కనబడదు, టార్చ్ అంచున నిలిపి చూడాలి. గాజంతటా పాలు పూసినట్టు పలచటి పొర ఉంటే అది మసక, హేజ్ అంటారు. అంచు నుంచి లోపలికి సాలెగూడు పోగుల్లాంటివి పాకుతుంటే ఫంగస్. ముందు గాజు మీద సన్నటి గీతలు వలయాలుగా కనబడితే ఎవరో గుడ్డతో తుడిచిన గుర్తులు, ఆ కాలపు కోటింగ్ (గాజు మీది ప్రతిబింబం తగ్గించే పూత) మెత్తన. ఒకటి రెండు దుమ్ము చుక్కలు కనిపిస్తే పట్టించుకోవద్దు, అవి బొమ్మలో రావు.

నా అంచనా మసకే. కువైట్ ఎండలు, ఆ తర్వాత కడప ఎండలు. వేడికి ఫోకస్ మరల్లోని గ్రీజు నుంచి నూనె విడిపోయి అపర్చర్ బ్లేడ్లకు పాకుతుంది, అక్కణ్ణుంచి ఆవిరై బ్లేడ్లకు రెండువైపులా ఉన్న గాజుల మీద కూర్చుంటుంది. బ్లేడ్ల మీద తడి మెరుపు కనిపిస్తే ఇది ఖాయం. తొందరగా తుడిపిస్తే పోతుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే గాజును తినేస్తుంది, అప్పుడు తుడిచినా మచ్చ ఉండిపోతుంది. దీన్ని ఇంట్లో విప్పకండి. లోపలి షిమ్ రింగుల మందం మీదే ఫోకస్ ఆధారపడి ఉంటుంది. ఎఫ్/2 దగ్గర ఫిల్ము వైపు ఉండే వెసులుబాటు అటు 0.06, ఇటు 0.06 మిల్లీమీటర్లు మాత్రమే. ఒక రింగు మారినా, మధ్యలో నలక ఇరుక్కున్నా లెన్స్ మొత్తం తప్పుతుంది.

జూపిటర్‌కూ నోక్టన్‌కూ ఇదే టార్చ్ పరీక్ష చేయండి. ముఖ్యంగా జూపిటర్‌కు. "నాయన ఫోటోల్లాంటి" ఆ మెత్తదనం లెన్స్ గుణమా, కొంత మసక కూడా కలిసిందా అన్నది అక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు తేడాలు. జూపిటర్-8 అనేది జైస్ సోనార్‌కు సోవియట్ రూపం. లెన్స్ డిజైనర్ లుడ్విగ్ బెర్టెలె సోనార్ గీసిన కాలానికి, అంటే 1930ల మొదట్లో, గాజు మీద కోటింగ్ లేదు. కోటింగ్ లేని ఒక్కో గాజు తలం మీద నూటికి సుమారు 4 వంతుల వెలుతురు వెనక్కి తిరుగుతుంది. అందుకే ఆయన ఆరు గాజులను మూడు గుంపులుగా అతికించి, గాలి తగిలే తలాలను ఆరుకు తగ్గించాడు. మీ సమ్మిక్రాన్ ఇంకో దారిది: ఏడు గాజులు, ఆరు గుంపులు, 12 తలాలు. రెండు తలాల మధ్య తిరిగే వెలుతురే ఫ్లేర్. ఆరు తలాలుంటే అట్లాంటి జంటలు 15, పన్నెండుంటే 66. సమ్మిక్రాన్‌కు ఆ దారి సాధ్యమైంది కోటింగ్ వచ్చాకే. అన్ని తలాలుండటం వల్ల లోపాలను దిద్దే చోటు దానికి ఎక్కువ దొరికింది. కాబట్టి ఎఫ్/2 దగ్గరే మధ్యలో సన్నటి గీత నిలుస్తుంది, మూలలు జూపిటర్ కంటే ముందుగా కోలుకుంటాయి. ఎఫ్/5.6కు వచ్చేసరికి ఫ్రేమంతా సమంగా ఉంటుంది.

సోనార్ తన తక్కువ తలాలకు వేరే మూల్యం చెల్లించింది. ఎఫ్/2 దగ్గర గోళాకార దోషం కొంత దిద్దకుండా మిగిలింది. అంటే గాజు అంచునుంచి వచ్చే కిరణాలు మధ్యనుంచి వచ్చేవాటితో ఒకే చోట కలవవు. దానివల్ల షార్ప్‌గా ఉన్న గీత చుట్టూ పలచటి వెలుగు పొర చేరుతుంది. కంటి కింది ముడతల మీద ఆ పొర పడితే ముడత ఉంటుంది, దాని నలుపు తగ్గుతుంది. ఫోకస్‌కు వెనకున్న వెలుగు చుక్కలు అంచులు కరిగి మెత్తగా వస్తాయి. సమ్మిక్రాన్‌లో ఆ చుక్కల అంచులు సాధారణంగా ఇంకాస్త గట్టిగా ఉంటాయి. వెనక వేపచెట్టు ఆకుల సందుల్లోంచి ఆకాశం కనబడే చోట నిలబెట్టి తీస్తే ఇది ఒక్క చూపులో తెలుస్తుంది. జూపిటర్ మూలలు ఎఫ్/2 దగ్గర బలహీనం. ఫోకస్ తలం బల్లపరుపుగా కాక గిన్నెలా వంగి ఉండటం దానికి ఒక కారణం. గ్రూపు ఫోటోలో చివర నిలబడ్డవాళ్లు ఔట్ అయ్యేది ఇందుకే. ఎఫ్/8 పెడితే సర్దుకుంటుంది.

తలాలు తక్కువని జూపిటర్ ఎండకు ఎదురుగా సమ్మిక్రాన్‌ను ఓడిస్తుందని మాత్రం అనుకోకండి. సోవియట్ లెన్సుల్లో చాలావాటికి గొట్టం లోపల నలుపు సరిగ్గా వేయలేదు, లోహం మెరుస్తుంది. ఆకాశం ముందు తీస్తే ఫ్రేము మధ్యలో తెల్లటి మచ్చ వస్తుంది. ఇది ఒక్కో లెన్స్‌కూ ఒక్కో రకంగా ఉంటుంది, మీ లెన్స్‌ను చూసుకోవాల్సిందే.

నోక్టన్ ఆస్ఫెరికల్ (పూర్తి గోళాకారం కాని) గాజుతో, అనేక పొరల కోటింగ్‌తో ఇప్పటి జపాన్ తయారీ. ఎఫ్/2 దగ్గర మూడింట్లో దాని కాంట్రాస్టే ఎక్కువ. నగలు, జరీ, తెల్ల పంచె మడతలు గట్టిగా నిలుస్తాయి. మేకప్ పగుళ్లూ అంతే గట్టిగా నిలుస్తాయి. మండపం లైట్లు ఎదురుగా కొట్టినా నలుపు నలుపుగానే ఉంటుంది. దీని అర్థం నోక్టన్ మంచిది, జూపిటర్ చెడ్డది అని కాదు. మీ గ్రూపులో నవ్వినవాళ్లు వాట్సాప్ నొక్కేసిన ఫైళ్లు చూశారు, వాటిలో ఈ తేడాలేవీ మిగలవు.

మీ పోలికలో ఇంకో లోపం ఉంది. సమ్మిక్రాన్‌తో మిద్దె మీద 11 గంటలకు తీశారు, జూపిటర్‌తో సాయంత్రం ఇంట్లో తీశారు. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఇట్లా మళ్లీ తీయండి. ట్రైపాడ్ మీద ఏ7, బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే ఆపేయండి. రా ఫైల్ (కెమెరా మెరుగులు దిద్దని ఫైల్) తీయండి, వైట్ బ్యాలెన్స్ 5200 దగ్గర కట్టేయండి. కెమెరాలో, కంప్యూటర్‌లో లెన్స్ కరెక్షన్లు ఆపండి. ఫ్రేములో ఒక మూల గ్రే కార్డు పెట్టండి. మూడు లెన్సుల ఫైళ్లనూ ఆ కార్డు దగ్గర ఒకే వెలుగుకు తెచ్చాకే పక్కపక్కన పెట్టాలి, ఎందుకంటే కాస్త ఎక్కువ వెలుగున్న ఫోటోనే కంటికి బాగుందనిపిస్తుంది. ఎఫ్/2, 2.8, 4, 8, ఈ నాలుగు చాలు. ప్రతి అపర్చర్ దగ్గరా జూమ్ చేసి మళ్లీ ఫోకస్ చేయండి. జూపిటర్‌లో ఎఫ్/2 దగ్గర పెట్టిన ఫోకస్ ఎఫ్/4కి మూస్తే కాస్త వెనక్కి జరుగుతుంది, అది కూడా మిగిలిపోయిన గోళాకార దోషం పనే. జూపిటర్ అపర్చర్‌కు క్లిక్కు ఉండదు కాబట్టి అంకె మీద ఆనించి పెట్టండి, చేయి తగిలి జారుతుంది.

దృశ్యాలు మూడు. ఒకటి, వాకిట్లో నీడన ఒకటిన్నర మీటరు దూరంలో మనిషి, వెనక ఐదారు మీటర్ల దూరంలో చెట్టు. నీడ ఎందుకంటే, మిట్ట ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర ఎఫ్/2 పెడితే షట్టర్ 1/8000 సెకను దాకా పోతుంది. ఏ7లో అది కుదిరినా ఎం3లో 1/1000 దాటదు. రెండు, తెల్లవారాక మిద్దె మీంచి పాలకొండలు. ఇది మూలల కోసం, దూరపు ఫోకస్ కోసం. ఎండ ఎక్కాక తీస్తే బండలు వేడెక్కి గాలి అలలు పడుతుంది, ఆ మెత్తదనాన్ని లెన్స్ మీద వేస్తారు. మూడు, తలుపులో మనిషి, వెనక ఆకాశం, సూర్యుడు ఫ్రేము అంచుకు కాస్త బయట. మూడింటికీ హుడ్ తీసేయండి, లేదా మూడింటికీ పెట్టండి.

కొండల ఫోటోలో నాలుగు మూలలూ చూడండి. మూడు లెన్సులతోనూ ఒకే మూల మెత్తబడితే తప్పు అడాప్టర్‌ది (ఈ లెన్సులను ఏ7కు తగిలించే రింగు), అది వంకరగా కూర్చుంటోంది. ఒక్క లెన్స్‌తోనే ఒక మూల పోతే ఆ లెన్స్ గాజు పక్కకు జరిగింది. అడాప్టర్ లోపలివైపు మెరుస్తుంటే అది కూడా ఫ్లేర్ తెస్తుంది, నల్ల వెల్వెట్ కాగితం అంటించండి. ఇంకొకటి: ఏ7 సెన్సర్ మీద సుమారు 2 మిల్లీమీటర్ల గాజు పొర ఉంటుంది. ఫిల్ము కోసం గీసిన లెన్సుల మూలలను అది కొంత చెడగొడుతుంది. 35, 28 మిల్లీమీటర్ల లెన్సుల్లో ఎక్కువగా, 50లో కొద్దిగా. కాబట్టి సమ్మిక్రాన్ మూలలకు ఏ7 ఇచ్చే తీర్పు చివరిది కాదు. మసక తీయించాక ఎం3లో ఒక రీలు వేయండి. మూడు లెన్సులు, నాలుగు అపర్చర్లు, మూడు దృశ్యాలు: సరిగ్గా 36 ఫ్రేములు. జూపిటర్ వంతు వచ్చినప్పుడు దగ్గరి దృశ్యానికి కన్ను మీద ఫోకస్ పెట్టి, కెమెరాను సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు వెనక్కి జరిపి నొక్కండి, ఒకటిన్నర మీటరు దగ్గర తప్పు అంత ఉంటుంది.

తర్వాత వాకిట్లో తీసినవాటిని 8×12 అంగుళాల ప్రింట్లు వేయించి, వెనక పెన్సిల్‌తో అంకెలు మాత్రమే రాసి కలిపేయండి. మీరు చూడండి, మీ ఆవిడకు చూపండి, అన్నకూ చూపండి. ఏది ఏ లెన్సో చెప్పకండి. ఎఫ్/8 ప్రింట్లలో ఎవరూ తేడా పట్టలేరని నా నమ్మకం. ఎఫ్/2లో పడతారు. మీరు తీసే ఫోటోల్లో ఎన్ని ఎఫ్/2 దగ్గర తీస్తారో మీ హార్డ్‌డిస్క్ చెప్తుంది. పాత లెన్సులు అపర్చర్ అంకెను ఫైల్లో రాయవు కాబట్టి మామూలు లెన్సులతో తీసిన పెళ్లి ఫోటోల్లో చూసుకోండి.

ప్రేమా, నిజమా అని అడిగారు. కొంత నిజమే, కారణం పైన చెప్పాను. కానీ ఒక అనుమానం తీర్చుకోండి. పాత స్టూడియోల్లో ముఖాల ఫోటోలు చాలాసార్లు చిన్న కెమెరాతో తీసేవారు కాదు, స్టాండు మీది పెద్ద కెమెరాతోనో 120 రీలుతోనో (వెడల్పైన ఫిల్ము) తీసేవారు. నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో రీటచింగ్ చేసేవారు. కంటి కింద నలుపు, నుదుటి గీతలు అక్కడే పోయేవి. మీ నాయనగారి నెగెటివ్‌లు ఉన్నాయని రాశారు. అమ్మగారివి బయటికి తీయండి. అంచున రంధ్రాలుండి 24×36 మిల్లీమీటర్ల ఫ్రేము అయితే జోర్కీతో తీసినవి. అంతకంటే పెద్దవైతే జూపిటర్‌కు ఆ ఫోటోలతో సంబంధమే లేదు. నెగెటివ్ మెరుపు లేని వైపును బల్బు కింద వాల్చి చూడండి. బుగ్గ మీద, కంటి కింద చిన్న చిన్న బూడిదరంగు గీతలు మెరిస్తే అది నాయనగారి పెన్సిల్. మీరు లెన్స్‌లో వెతుకుతున్నది అప్పుడు ఆయన చేతిపని అవుతుంది. చిన్న ఫ్రేములైతే రీటచింగ్ అరుదు, అంత చిన్న ముఖం మీద పెన్సిల్ పెట్టడం కష్టం. అప్పుడు మీ కన్ను పట్టుకున్నది లెన్స్‌నే. ఏది తేలినా అమ్మగారిని కిటికీ పక్కన ఎఫ్/2 దగ్గర జూపిటర్‌తో తీయడం మానకండి. ఆ పనికి మూడింట్లో అదే సరైనదని నాకనిపిస్తోంది.

ఇక అమ్మకాలు. అన్న చెప్పినట్టు సమ్మిక్రాన్ అమ్మితే డబ్బు తొందరగా చేతికొస్తుంది, మాట కూడా తొందరగా తెగుతుంది. కానీ మసకతో అమ్మితే కొనేవాడు తీయించే ఖర్చు కంటే ఎక్కువే కోస్తాడు, గాజు తినేసిందేమో అన్న భయాన్నీ ధరలో కలుపుతాడు. టార్చ్ ఫోటోలు ముందుగా బాగుచేసేవారికి పంపి, పొర పోతుందన్నాకే ఖర్చు పెట్టండి. పోదంటే ఉన్నదున్నట్టు చెప్పి అమ్మడమే మేలు. రెండో సంగతి, సమ్మిక్రాన్ పోతే ఎం3కి మీ దగ్గర మిగిలేది నోక్టన్ ఒక్కటే, ఎందుకంటే జూపిటర్ దానిమీద దగ్గర కుదరదు. అప్పుడు నోక్టన్ కూడా అమ్మాల్సి వస్తే ఎం3 ఖాళీ పెట్టెగా మిగులుతుంది. కాబట్టి అన్న మాట వినాలనుకుంటే లెన్స్ ఒక్కటే కాకుండా కెమెరాతో కలిపి అమ్మే సంగతీ ఇద్దరూ మాట్లాడుకోండి.

నోక్టన్ అమ్మడం రెండో దారి. వాయిదాలు తీరతాయి, మిగిలింది అన్నకు సమ్మిక్రాన్‌లో ఆయన వాటా కింద ఇవ్వొచ్చు. పూర్తిగా సరిపోకపోతే బాకీ ఎంతో, ఎప్పటికి ఇస్తారో కాగితం మీద రాసుకోవాలి. మీరు పోగొట్టుకునేది ఎదురు వెలుతురులో నిలిచే లెన్స్, ఎఫ్/1.5. అయితే ఈ రకం లెన్స్ ఇవాళ్టికీ తయారవుతోంది, ఐదేళ్ల తర్వాతైనా కొనుక్కోవచ్చు. చిన్నాయన చేతిలో ఉన్న సమ్మిక్రాన్ మళ్లీ దొరకదు. నా మొగ్గు ఇటే, టార్చ్ పరీక్షలో సమ్మిక్రాన్ గాజు బాగుందని తేలితేనే సుమా. గాజు చెడి ఉంటే ఈ లెక్క తిరగబడుతుంది: బాగున్న లెన్స్‌ను వదులుకుని బాగుకాని లెన్స్‌కు అన్నకు డబ్బు కట్టినట్టవుతుంది.

మూడూ ఉంచుకోవడం కూడా దారే. అప్పుడు అన్న వాటాకు, వాయిదాలకు రెండింటికీ స్టూడియో సంపాదనే దిక్కు. పెళ్లి పనికి అవసరమని మాత్రం ఇంట్లో చెప్పకండి. ఈ మూడూ చేత్తో ఫోకస్ చేసేవి. తలంబ్రాలప్పుడు ఎవరూ నిలబడరు, ఆ పని మీ ఆటోఫోకస్ లెన్సే చేస్తోంది. ఇష్టం కోసం ఉంచుకుంటున్నానని చెప్తే అది వినదగ్గ మాట. మీ ఆవిడ కోపం లెన్స్ మీద కాదని ఆమె అన్న ఒక్క మాటే చెప్తోంది. ఏ దారి పట్టినా అన్నతో మాట్లాడే ముందు ఆమెతో కూర్చుని, వాయిదాలు ఇంకా ఎన్ని మిగిలాయో అంకె చెప్పండి.

జూపిటర్ అమ్మే ఆలోచన ఉంటే విరమించుకోండి. దానికి వచ్చే డబ్బు అన్న స్లాబుకూ మీ వాయిదాకూ ఏ మూలకూ రాదు.

అన్నతో మాటకు కూర్చునేటప్పుడు ధర మీరు చెప్పకండి, ఆయననూ చెప్పనీయకండి. లెన్స్ సీరియల్ నెంబరు, టార్చ్ ఫోటోలు, బ్లేడ్ల ఫోటో, రీలు స్కాన్లు నాలుగు కలిపి, పాత కెమెరాలు కొని అమ్మే ఇద్దరు ముగ్గురికి పంపి రాతపూర్వకంగా ధర అడగండి, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ ఏ ఊరివారైనా సరే. వచ్చిన ధరల్లో మధ్యది తీసుకుని అందులో సగం ఆయన వాటా అనుకుంటే మాట పెరగదు. స్లాబు ఆగిన ఇల్లు ఎక్కువ రోజులు ఆగలేదు కాబట్టి టార్చ్ పరీక్ష ఈ వారమే చేయండి. ఫోటోలు బాగున్నా బాగాలేకున్నా అవే అన్న ఫోన్‌కు కూడా పంపండి.